చిలుకకు పెదాలుండవు: మాట నేర్పే పాఠంలో ఏది చూపించాలి, ఏది వినిపించాలి

మేడం, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. అచ్చంపేట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు చెప్తున్నారు. సగం మంది పిల్లలు తండాల నుంచి వస్తారు. తెలుగు, ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పడానికి ఫోన్‌తోనే చిన్న చిన్న పాఠాలు తయారు చేద్దామనుకుంటున్నారు. మల్టీమీడియాలో టెక్స్ట్, బొమ్మ, ఆడియో, వీడియో, యానిమేషన్ అని ఐదు అంశాలుంటాయనీ, మాట్లాడే భాషలో ధ్వని, పదం, వాక్యం, అర్థం, సందర్భం అని ఐదు భాగాలుంటాయనీ చదివారు. ఈ ఐదింటినీ ఆ ఐదింటితో ఎట్లా జత చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని మీ ప్రశ్న.

కొనాల్సింది ఏమీ లేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. జత చేయడం గురించే ఎక్కువ చెప్పాలి. నల్లగొండ జిల్లాలో కొన్నేళ్లు, పాలమూరులో కొన్నేళ్లు క్యాసెట్ల కాలం నుంచి ఈ పని చేశాను. నేను చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడివే.

మొదటి తప్పు చెప్తే మిగతాది సులువవుతుంది. ప, బ, మ నేర్పడానికి ఒక పాఠం చేశాను. రంగురంగుల చిలుక, అది ముక్కు తెరిచి మూస్తుంటే వెనక నా గొంతు, కింద ఎగురుకుంటూ వచ్చే అక్షరాలు, వీటన్నింటికీ తోడు హార్మోనియం మ్యూజిక్. ఐదు అంశాలూ ఉన్నాయి. వారం రోజులు కష్టపడ్డాను. పిల్లలు ఎగిరి గంతేసి చూశారు. మర్నాడు "నిన్న ఏం నేర్చుకున్నరు?" అంటే "చిలుక, సార్" అన్నారు. ఇంకేం లేదు. ఆ మాటలే నేను నోటితో పలికిస్తుంటే మాత్రం ముందు బెంచీ పిల్లలంతా నా మూతి వైపే చూస్తున్నారు. వాళ్లకు కావాల్సింది అక్కడుంది. చిలుకకు పెదాలుండవు. పెదాలతో పుట్టే శబ్దాలు నేర్పడానికి పెదాలు లేని పక్షిని పెట్టుకున్నాను.

పిల్లలు అట్లా చూడటం ఊరికే కాదు. మాటను మనం చెవితో మాత్రమే వినం. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు బ్రిటన్‌లో ఒక ప్రయోగం బయటపెట్టారు. "గ" అని పలుకుతున్న నోటి వీడియో మీద "బ" అనే శబ్దం అతికించి చూపిస్తే, చూసిన పెద్దవాళ్లలో చాలామందికి "ద" అని వినిపించింది. శబ్దంలోనూ లేనిది, పెదాల్లోనూ లేనిది, మధ్యలో ఒకటి పుట్టింది. కళ్లు మూసుకుంటే మళ్లీ "బ" అనే వినిపిస్తుంది. దీన్నిబట్టి నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఐదింటికి ఐదు జత కట్టడం మానేయాలి. మాటలో నేర్పదలచుకున్న ఆ ముక్క ఎక్కడ పుడుతుంది, దాన్ని ఏ ఇంద్రియం పట్టుకోగలదు అని అడగాలి. దాన్నిబట్టి వీడియోనో, బొమ్మనో, ఉత్త ఆడియోనో తేలుతుంది. కొన్నిసార్లు ఫోన్ పక్కన పెట్టేయాల్సి వస్తుంది.

నా చిలుక పాఠాన్నే మళ్లీ చూడండి. చిలుక బదులు మనిషి మూతిని చూపించినా ఆ పాఠం సగమే పనిచేసేది. అద్దం ముందు నిలబడి ప, బ, మ అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకే రకంగా కలుస్తాయి. అంటే వీడియో చెప్పగలిగేది "పెదాలు కలపాలి" అనే వరకే. త, క పలికే పిల్లవాడిని ప దగ్గరికి తేవడానికి అది చాలు. కానీ ప, బ తేడా గొంతులో ఉంది. మన వ్యాకరణంలో క, చ, ట, త, ప లను పరుషాలు, గ, జ, డ, ద, బ లను సరళాలు అంటాం కదా, సరళం పలికేటప్పుడు గొంతులోని తంత్రులు వణుకుతాయి. గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని "స్‌స్‌స్" అని, తర్వాత తేనెటీగలాగా "జ్‌జ్‌జ్" అని అనమనండి, వేలికే తెలుస్తుంది. ఇక మ సంగతి ముక్కుది. "మ్‌మ్‌మ్" అంటున్నప్పుడు ముక్కు మూస్తే శబ్దం ఆగిపోతుంది. పిల్లలకు ఇది పెద్ద ఆట. ఇవి ఏ తెర మీదా చూపించలేం. పాఠంలో ఇక్కడ వీడియో ఆపి, "గొంతు పట్టుకోండి" అని చెప్పి పది సెకన్లు ఖాళీ వదిలేస్తాను.

గాలి తేడా కూడా అంతే. నోటి ముందు సన్నటి కాగితం ముక్క వేలాడదీసి "పలక" అంటే కాగితం పెద్దగా కదలదు. "ఫలం" అని గట్టిగా ఒత్తి పలికితే కదులుతుంది. ఇంగ్లిష్ వాళ్లు "పెన్" అన్నా కదులుతుంది. ఇంగ్లిష్‌లో మాట మొదట్లో వచ్చే ప, ట, క లకు ఊపిరి తోడవుతుంది, మన పరుషాలకు అవ్వదు. కాగితం కదలడాన్ని వీడియో తీయండి, అది వీడియోకు తగిన పని.

మూతిని వీడియో తీసేటప్పుడు కిటికీ వెలుతురు పక్క నుంచి పడాలి. ముక్కు కింద నుంచి గడ్డం దాకా ఉంటే చాలు, ముఖమంతా అక్కర్లేదు. మా రోజుల్లో నా మీసం పెద్ద అడ్డంకి అయింది. పై పెదవి కనపడేది కాదు. ఒక మేడం గారిని బతిమాలి ఆమె మూతిని తీశాం, గొంతు కూడా ఆమెదే పెట్టాం. ఒకరి మూతి మీద ఇంకొకరి గొంతు అతికించొద్దు, మెక్‌గర్క్ గుర్తుంది కదా.

అతికించాల్సే వస్తే సింక్, అంటే శబ్దం, బొమ్మ కలిసి నడుస్తున్నాయో లేదో చూసుకోండి. శబ్దం బొమ్మ కంటే ముందొస్తే 45 మిల్లీసెకన్లకే కన్ను పట్టేస్తుంది, వెనకొస్తే 125 దాకా ఓర్చుకుంటుందని ప్రసారాల ప్రమాణాల్లో రాసి ఉంటుంది. దీనికి కారణం చాకిరేవు దగ్గర దొరుకుతుంది. చెరువు అవతలి గట్టున బండ మీద బట్ట పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది. ఆలస్యంగా వచ్చే శబ్దం మనకు పుట్టుకతో అలవాటు. చూపు కంటే ముందొచ్చే శబ్దం ప్రకృతిలో ఉండదు.

ఇక నాలుక. అట్ట, అత్త. పడి, పది. గడి, గది. ఈ జతల్లో తేడా అంతా నాలుక కొస ఎక్కడ తగిలిందన్నదే. త, ద లకు పళ్ల వెనక తగులుతుంది, ట, డ లకు వెనక్కి మడిచి అంగిటికి తగులుతుంది. కెమెరాకు ఇది కనపడదు. పళ్లు అడ్డం. యానిమేషన్‌కు అసలైన చోటు ఇదే, కన్ను చూడలేనిది చూపించడం. దీనికి గ్రాఫిక్స్ కంపెనీ అక్కర్లేదు. నల్లబల్ల మీద పక్క నుంచి కోసినట్టు ఒక తల గీయండి, ముక్కు, పళ్లు, అంగిలి, నాలుక. నాలుకను ఒక్కటే చెరిపి కొద్దికొద్దిగా జరిపి గీస్తూ ఆరు ఫోటోలు తీయండి. వాటిని వరుసగా పెట్టి "అత్త" అనే శబ్దం జోడిస్తే పాఠం అయిపోయింది. సుద్దముక్కతో చేసిన ఆ నాలుకను చూసి పిల్లలు తమ నాలుకను వెతుక్కున్నంతగా చిలుకను చూసినప్పుడు వెతుక్కోలేదు.

ల, ళ మీద మాత్రం నెలలు ఖర్చు పెట్టకండి. మన వైపు పెద్దవాళ్లలోనే చాలామంది "నీళ్లు" ను "నీల్లు" అంటారు. రాయడంలో కల, కళ తేడా తెలిస్తే చాలని నా అభిప్రాయం. ఒప్పుకోని సార్లు ఉన్నారు, వాళ్లతో వాదించి అలసిపోయాను.

తర్వాత నిడివి. ఇది తెలుగుకు ప్రాణం, అందరూ అక్షరాలు నేర్పే తొందరలో దాటేస్తారు. "పడు" అంటే కింద పడటం, "పాడు" అంటే పాట. "గడి" వేరు, "గడ్డి" వేరు. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని మనకు ఎప్పటి నుంచో లెక్క ఉంది. చప్పట్లతో చెప్పించండి. ఇక్కడ ఒక బొమ్మ బాగా పనికొస్తుంది, శబ్దం బొమ్మ. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో "గడి", "గడ్డి" రికార్డ్ చేసి తెర మీద చూడండి. "గడ్డి" నడుమ గీత సన్నబడి కాసేపు అట్లాగే ఉంటుంది. "అట్ట" అయితే పూర్తిగా నిశ్శబ్దం, గీత చదునుగా పోతుంది. ద్విత్వం అంటే రెండు ట లు పలకడం అని మనం చెప్తాం కానీ, నిజానికి నోరు మూసి ఎక్కువసేపు ఆగడం. దాన్ని చూసిన పిల్లవాడు "సార్, గీడ ఆగాలె" అని వేలు పెట్టి చూపించాడు. ఒత్తు అంటే ఏమిటో అంతకంటే బాగా నేను ఎన్నడూ చెప్పలేదు.

అదే తెర మీద ఇంకొక వింత కూడా ఉంది. "ఎట్లున్నవ్ అవ్వా" అని మామూలుగా మాట్లాడి రికార్డ్ చేయండి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుందని అనుకుంటాం కదా, అక్కడ ఉండదు. ఖాళీ "ట్ల" దగ్గర, మాట కడుపులో ఉంటుంది. అంటే మనం పుస్తకంలో పదాల మధ్య వదిలే ఖాళీ చెవికి వినిపించదు. మాట్లాడే భాష ఒక ప్రవాహం, దాన్ని పదాలుగా తెంపుకోవడం వినేవాడి పని. మీ తండా పిల్లలు తెలుగు వింటున్నప్పుడూ, మనం ఇంగ్లిష్ వార్తలు వింటున్నప్పుడూ పడే కష్టం ఇదే. "స్పీడుగా మాట్లాడుతున్నరు" అనిపిస్తుంది, నిజానికి ఎక్కడ తెంపాలో తెలియదు.

టెక్స్ట్ తన విలువ చూపించుకునేది ఇక్కడే. చెవికి దొరకని ఖాళీని అది కంటికి ఇస్తుంది. "ఎట్ల ఉన్నవ్" అని విడదీసి, ఆ తర్వాత కలిపి చూపించండి. అట్లాగే బడి, బడికి, బడిలో, బడి నుంచి అన్నప్పుడు "బడి" ఒక రంగులో, తోకలు ఇంకో రంగులో ఉంటే మాట కట్టుబడి అర్థమవుతుంది. పదాంశం అనే పేరు పిల్లలకు చెప్పాల్సిన పని లేదు, రంగు చాలు.

కానీ టెక్స్ట్‌కు హద్దులున్నాయి. "చలి", "చెరువు" రెండూ ఒకే "చ" తో రాస్తాం. పలికేటప్పుడు మొదటిది పళ్ల దగ్గర, రెండోది అంగిటి దగ్గర. పాత రోజుల్లో దంత్య చకారానికి విడిగా ౘ అనే గుర్తు ఉండేది, ఇప్పుడు మామూలు రాతలో ఎవరూ వాడరు. తెలుగు ఇంటి పిల్లవాడికి ఇబ్బంది లేదు, విని ఉంటాడు. అక్షరం చూసి మాట నేర్చుకునే పిల్లవాడు "చలి" ని తప్పుగా పలుకుతాడు, తప్పు వాడిది కాదు. ఇలాంటి మాటలు ముందు ఆడియోలోనే పరిచయం కావాలి.

తెర మీద అక్షరాలు, వెనక అవే మాటలు చదివే గొంతు, రెండూ ఒకేసారి పెట్టాలా వద్దా అనేది పెద్ద చర్చ. అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ దీని మీద చాలా ప్రయోగాలు చేశారు. బొమ్మా, గొంతూ ఉన్నప్పుడు అవే మాటలను మళ్లీ తెర మీద రాయడం వల్ల నేర్చుకోవడం తగ్గుతుందన్నది ఆయన తేల్చిన వాటిలో ఒకటి. కన్ను బొమ్మనూ చూడాలి, అక్షరాలూ చదవాలి, రెండు చోట్లా చాలదు. అయితే వినే భాష కొత్తదైతే లెక్క మారుతుంది, అప్పుడు ఒకటి రెండు ముఖ్యమైన మాటలు రాసి చూపిస్తే ఆసరా అవుతుంది. నేను చేసేది ఇది: ముందు శబ్దం ఒక్కటే, రెండుసార్లు. తర్వాత రెండు సెకన్లు నిశ్శబ్దం, పిల్లలు తిరిగి పలకడానికి. అప్పుడు అక్షరం. అక్షరం ముందొచ్చిందా, పిల్లలు వినడం మానేసి చదవడం మొదలుపెడతారు.

ఇప్పుడు గొంతు ఎగుడుదిగుడులు. భాషాశాస్త్రంలో దీన్ని కాకువు అంటారు. మా పాలమూరులో "అవ్" అన్న ఒక్క మాట చాలు ఇది చెప్పడానికి. కిందికి దించితే ఒప్పుకోలు, పైకి ఎత్తితే ప్రశ్న, సాగదీస్తే "నువ్వు చెప్పినవ్, నేను నమ్మిన" అనే వెటకారం. రాస్తే మూడూ ఒకటే. దీనికి ఆడియో తప్ప గతి లేదు, దానికి తోడు మాట మీద ఒక వంకర గీత గీస్తే చాలు. నిజంగా గొంతు ఎట్లా ఎక్కి దిగిందో చూడాలంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్‌మా, డేవిడ్ వేనింక్ తయారు చేశారు. కంప్యూటర్ కావాలి. పిల్లల కోసం కాదు, మీ కోసం. ఒకసారి మీ గొంతును అందులో చూసుకుంటే పాఠం చదివేటప్పుడు మనం ఎంత చదునుగా చదువుతామో తెలిసి సిగ్గేస్తుంది.

ఇంగ్లిష్ దగ్గర ఇది మరీ ముఖ్యం. తెలుగులో ప్రశ్నకు "వచ్చిండా" అని చివర "ఆ" ఉంది, గొంతు ఎత్తకపోయినా పని జరుగుతుంది. అందుకే మన పిల్లలు ఇంగ్లిష్ ప్రశ్నను కూడా చదునుగా అడుగుతారు. ఇంకొకటి ఊనిక. "రికార్డ్" అనే మాటలో మొదటి భాగాన్ని నొక్కితే నామవాచకం, రెండో భాగాన్ని నొక్కితే క్రియ. మన తెలుగులో నొక్కడం వల్ల మాట అర్థం మారిపోదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. ఇట్లాంటి చోట నొక్కే భాగాన్ని లావుగా రాసి చూపించండి. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో 44 వర్ణాలు, అంటే విడి శబ్దాలు, అని లెక్క, అచ్చులు 20, హల్లులు 24. అన్నీ నేర్పాలని మొదలుపెడితే సంవత్సరం చాలదు. "షిప్", "షీప్" తేడా, "వ" లో రెండు రకాలు (v, w), మాట చివర "ఉ" తగిలించి "బుక్కు", "బస్సు" అనకుండా ఉండటం, "స్కూల్" ను "ఇస్కూల్" అనకుండా ఉండటం. ఈ నాలుగు చాలు మీ తరగతికి.

అర్థానికి బొమ్మ అని అందరూ అంటారు, నిజమే. కానీ ఏ బొమ్మ? నెట్‌లో "ఇల్లు" అని వెతికితే ఏటవాలు పైకప్పు, పొగగొట్టం, ముందు పచ్చిక ఉన్న ఇల్లు వస్తుంది. మన పిల్లవాడు అందులో ఎప్పుడూ పడుకోలేదు. రొట్టె అంటే వాడికి జొన్న రొట్టె, మీరు ముక్కలు కోసిన బ్రెడ్డు చూపిస్తే ఆ మాట వేరే వస్తువుకు అతుక్కుంటుంది. ఫోన్ పట్టుకుని ఊర్లో ఒక గంట తిరగండి. చింతచెట్టు, బోరింగు, పల్లికాయ కుప్ప, మేకల మంద. మీ పాఠాలకు సరిపోయే బొమ్మలన్నీ అక్కడే ఉన్నాయి. క్రియలకు ఫోటో పనికిరాదు. నిచ్చెన మీద మనిషి ఫోటో చూపిస్తే ఎక్కుతున్నాడా, దిగుతున్నాడా? మూడు సెకన్ల వీడియో కావాలి. "కానీ", "అయితే", "మొన్న" లాంటి మాటలకు ఏ బొమ్మా లేదు, కథలోనే దొరుకుతాయి.

ఇక సందర్భం. ఇంటి నుంచి బయల్దేరేవాడు "పోతున్న" అనడు, "పోయొస్త" అంటాడు. నిఘంటువు తీస్తే రెండింటికీ అర్థం చెప్తుంది, ముసలమ్మ ముందు మొదటిది అంటే ఏమవుతుందో చెప్పదు. దారిలో ఎదురైనవాడు "ఏడికి?" అంటే అది విచారణ కాదు, పలకరింపు. ఇవి గుమ్మం దగ్గర ఇద్దరు మనుషులతో తీసిన అర నిమిషం వీడియోతోనే వస్తాయి. నటులొద్దు, వంట చేసే అక్క, ఆమె పక్కింటి పెద్దమ్మ చాలు.

ఏ తెలుగు మాట్లాడించాలి అని కూడా మీకు సందేహం వస్తుంది, అడగకపోయినా చెప్తున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా చూపించారు. రైతుల మాటలను 1962లో, నేతపని మాటలను 1971లో మాండలిక పదకోశాలుగా వేయించారు. అంత పెద్ద పండితుడు పల్లె మాటను పోగు చేసుకుంటే, మనం "ఏడికి" ని తప్పని కొట్టేయడం ఎందుకు? వినే పాఠాల్లో మన యాసే ఉండనివ్వండి. చదివే పాఠాల్లో పుస్తకం భాష ఉండనివ్వండి. చేయకూడనిది ఒకటే: గొంతు "పోతున్న" అంటుంటే తెర మీద "పోతున్నాను" అని రాయడం. అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడికి ఆ చివరి "ను" ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

తండా పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. లంబాడీ భాష తెలుగు కుటుంబానిది కాదు, ఇండో ఆర్యన్ భాష. దానికి సొంత లిపి లేదు. కాబట్టి ఆ పిల్లల ఇంటి మాటకు మీ దగ్గరున్న ఐదింటిలో ఆడియో, వీడియోలే దిక్కు. వారానికి ఒకసారి ఒక అవ్వతో వాళ్ల భాషలో చిన్న కథ చెప్పించి రికార్డ్ చేయండి. అదే కథను తెలుగులో చెప్పండి. తరగతిలో ఎప్పుడూ నోరు తెరవని పిల్లలు "మేడం, అట్ల కాదు" అని మిమ్మల్ని సరిదిద్దుతారు. నాకు అట్లా జరిగింది.

రికార్డింగ్ గురించి, త్వరగా. బడి గదిలో సిమెంటు గోడలు, రేకుల కప్పు, ఇనుప బీరువా. గొంతు వాటికి తగిలి తిరిగొచ్చి హల్లులను మింగేస్తుంది. నా స్టూడియో రెండు గొంగళ్లు. దండెం మీద ఒకటి వెనక, ఒకటి పక్కన వేలాడదీసి మధ్యలో కూర్చుంటాను. ముతక ఉన్ని శబ్దాన్ని పీల్చుకుంటుంది. ఫ్యాను ఆపండి, బోరు మోటారు ఆగేదాకా ఉండండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ఫ, భ అన్నప్పుడల్లా ఊపిరి మైకును కొడుతుంది.

నాణ్యత గురించి ఒక లెక్క తెలిస్తే చాలు. మనిషి చెవి దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలు అనే లెక్క) దాకా వింటుంది. పాత టెలిఫోన్ 300 నుంచి 3,400 దాకే మోసేది. స లాంటి శబ్దాల బలం చాలావరకు 4,000 పైన ఉంటుంది. అందుకే ఫోన్ కాల్‌లో పేరు చెప్తే "స నా, ఫ నా?" అని అడుగుతారు. 2020 సెప్టెంబర్ 1న రాష్ట్రంలో టీవీ పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని ఇళ్లకు నేను కాల్ చేసి ఇంగ్లిష్ శబ్దాలు చెప్పబోయాను. కథలు బాగానే వెళ్లాయి, శబ్దాలు వెళ్లలేదు. రికార్డ్ చేసేటప్పుడు సెట్టింగ్‌లో శాంపిల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలనేది, 44,100 పెట్టండి, అందులో సగం లెక్కన 22,000 హెర్ట్జ్ దాకా శబ్దం పదిలంగా ఉంటుంది. ఒక చానల్ చాలు, స్టీరియో వృథా. వేవ్ ఫైలుగా నిమిషానికి 5 ఎంబీ పైన అవుతుంది, ఎంపీ3గా 64 కేబీపీఎస్‌లో మారిస్తే అర ఎంబీ. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా రికార్డ్ చేయకండి, అది బాగా నొక్కేస్తుంది. ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి.

అక్షరాలకు యూనికోడ్ ఫాంటే వాడండి. డీటీపీ వాళ్ల పాత ఫాంట్లలో టైప్ చేసింది వేరే ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కొన్ని వీడియో యాప్‌లలో ఒత్తులు విడిపోయి "అక్క" కాస్తా "అక్‌క" అవుతుంది. అట్లా అయితే మాటను సుద్దతో రాసి ఫోటో పెట్టండి, ఇంకా అందంగా ఉంటుంది.

బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టమంటారా అని చివర్లో అడిగారు. వద్దు. శబ్దం నేర్పే పాఠంలో ఇంకో శబ్దానికి చోటు లేదు.

పాఠం తయారయ్యాక ఒక పరీక్ష చేయండి. ఫోన్ బోర్లా పెట్టి వినండి, తర్వాత సౌండ్ తీసేసి చూడండి. చూడకుండా విన్నా ఏమీ తగ్గలేదంటే అది ఆడియో పాఠం, వీడియో తీసేసి డేటా మిగల్చండి. సౌండ్ లేకుండా చూసినా సరిపోయిందంటే మీరు మాట నేర్పడం లేదు, బొమ్మలు చూపిస్తున్నారు. మొదటిది అత్త, అట్ట తో చేసి చూడండి. గొంగళ్లను మాత్రం ముందు రోజు ఎండలో దులిపి ఆరేయండి, నా మొదటి పది రికార్డింగుల్లో సగం తుమ్ములే.